చర్మము క్రింద లేచు నొప్పిలేని చిన్న గడ్డలను గూర్చి

తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై సూరతు నగరమునకు వచ్చి, లింబాయత్ మొదలగు పేటలలో కాపురముండు నేతవారు పెక్కండ్రు గలరు. వీరు దేహముపై లేచిన ప్రతి యుబ్బును "గడ్డ" యందురు. పొరుగు గుజరాతీవారికి అది "గాంఠ్". ఆ భాషలో ప్లేగునకు "గాంఠియో తావ్", అనగా గడ్డజ్వరమని పేరు. నిరపాయమైన కొవ్వుముద్దయు ప్రాణాంతకమైన వ్యాధియు ఒక్క మాటలో నిమిడియుండుటచేత, భయపడనక్కరలేనిచోట భయపడుటయు, వైద్యుని చూడవలసినచోట నూరకుండుటయు సంభవించుచున్నవి. రెండవదియే యెక్కువ కీడు.

ప్లేగు గడ్డ జ్వరముతోపాటు ఒకటి రెండు దినములలో గజ్జలోనో చంకలోనో లేచి, తాకనీయనంత నొప్పి పెట్టును. నెలల తరబడి నొప్పిలేక నిలిచియున్నది ప్లేగు గడ్డ కాదు. 1994 సెప్టెంబరులో సూరతును గడగడలాడించినది ఊపిరితిత్తుల ప్లేగు. అప్పుడు లక్షలాది జనులు ఊరు విడిచిరి. 1995లో కమీషనరుగా వచ్చిన మన సూర్యదేవర రామచంద్రరావుగారు పట్టణ పారిశుద్ధ్యమును చక్కబెట్టిన తీరు పురపాలకోద్యోగులు ఎరిగినదే.

నొప్పిలేని గడ్డలలో పెక్కు కొవ్వుగడ్డలు. ఇవి మెత్తగానుండి, వ్రేలితో నొక్కిన జారును. ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. నడుమ నల్లని చుక్కగలది చర్మపు సంచిగడ్డ. దానిని పిదికినచో చీము పట్టును. మణికట్టు వెనుక లేచు నీటిగడ్డను బరువైన పుస్తకముతో కొట్టి చితుకగొట్టుట యొకప్పటి మోటువైద్యము, ఇప్పుడెవరును చేయరాదు.

అసలు శ్రద్ధ వహింపవలసినది మెడ ప్రక్కను, దవడ క్రిందను లేచు గడ్డల విషయమున. తలపుండ్లవలనను గొంతునొప్పివలనను పిల్లలకు లేచిన బిళ్లలు సాధారణముగా తగ్గిపోవును. రెండు మూడు వారములు దాటినను తగ్గక, ఒకదానితో నొకటి అంటుకొని పెరుగునవి క్షయగ్రంథులు కావచ్చును. మన పెద్దలు గండమాల యన్నది చాలవరకు ఇదియే. నొప్పి లేదు, వేడి లేదు. కావున రోగి పనికి పోవుచునే యుండును. ఆకుకట్టులు, వాతలు అయినపిదప, గడ్డ మెత్తబడి పగిలి చీము కారునప్పుడుగాని వైద్యశాలకు రాడు. సన్నని సూదితో గ్రంథిలోని పదార్థమును తీసి పరీక్షించిన వ్యాధి తెలియగలదు. మందులు సామాన్యముగా ఆరు మాసములు. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. చికిత్స నడుచుచుండగా ఒక్కొక్కప్పుడు గడ్డ మరికొంత ఉబ్బును. మందు పనిచేయలేదని తలచి మానివేయువారు ఇచ్చటనే పొరబడుచున్నారు.

గ్రంథులకు మాత్రమే పట్టిన క్షయ ఇతరులకు అంటదు. కావున అట్టివానిని గదినుండియో మగ్గపు షెడ్డునుండియో వెళ్లగొట్టుట అన్యాయము. అయితే ఊపిరితిత్తులలోను ఉన్నదేమో యని కఫమును, ఛాతీని పరీక్ష చేయింపవలెను.

రొమ్ములో నొప్పిలేని గట్టి గడ్డ, కంఠపుటెముకపైని గడ్డ, కదలక వేగముగా పెరుగు గడ్డ ఇవి పుట్టకురుపు కావచ్చును; ఒక వారమైన ఆలస్యము కూడదు. చెవితమ్మెలు దళసరియై బుడిపెలు లేచినచో కుష్ఠును అనుమానింపవలెను.

తాలూకా ఉద్యోగులకు ఒక మాట. 2012 నుండి క్షయరోగిని ప్రభుత్వమునకు తెలుపుట ప్రైవేటు వైద్యులకును విధియైనది. రోగి పోషణార్థము 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన సహాయము 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. నేతపనివారు పండుగలకును పెండ్లిండ్లకును స్వగ్రామమునకు పోయి నెలలు నిలుచుట కలదు. చికిత్స తెగునది అప్పుడే. సూరతులో పేరు వ్రాయునాడే స్వగ్రామము, మండలము, అచ్చటి బంధువు ఫోను సంఖ్య గైకొని, ప్రయాణమునకు ముందే నిక్షయ్ పట్టికలో అచ్చటి కేంద్రమునకు మార్పించి, దారిలోని దినములకు సరిపడు మందు చేతికిచ్చి పంపవలెను.