రోగికో రూపం ఎత్తే క్రిమి, దాన్ని చదివే కొలువు

బీఎస్సీలో మైక్రోబయాలజీయో బయోటెక్నాలజీయో చదివినవారికి ఎచ్చెర్ల చుట్టుపక్కల సాధారణంగా కనిపించే దారులు రెండు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం ఒకటి, బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూడడం ఇంకొకటి. రెండూ గౌరవమైన బతుకుతెరువులే. అయితే మన విద్యార్థులు అంతగా తొక్కని మూడో దారి ఉంది. రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవుల జన్యువులను చదివి, ఒక రకానికీ మరో రకానికీ తేడా ఎక్కడుందో, ఆ తేడా వల్ల ఏ మందు పనిచేయకుండా పోతుందో తేల్చే పని అది. ల్యాబ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు మనకు ఉన్నారు, కంప్యూటర్ మీద చెయ్యి తిరిగినవాళ్లూ ఉన్నారు. రెండూ వచ్చినవాళ్లు మాత్రం అరుదు. అందుకే జీవశాస్త్ర విద్యార్థి కోడింగ్‌నీ, కంప్యూటర్ విద్యార్థి జీవశాస్త్రాన్నీ డిగ్రీలో ఉండగానే పట్టుకోవాలంటాను. కడుపులో ఉండే ఒక్క బ్యాక్టీరియాను ఉదాహరణగా తీసుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో పుండు పడితే కారం ఎక్కువ తినడం వల్లనో, దిగులు వల్లనో అనుకునే రోజుల్లో, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ రోగుల కడుపు పొరల నుంచి దీన్ని పెంచి చూపించారు. 2005లో వారికి నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 1997లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడింది. దాదాపు 16.7 లక్షల అక్షరాలు, సుమారు 1,600 జన్యువులు. రెండేళ్లకు మరో రోగి నుంచి తీసిన రకాన్ని కూడా పూర్తిగా చదివి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కోదాంట్లో నూటికి ఆరేడు జన్యువులు రెండోదాంట్లో లేనే లేవు. ఒకే జాతి బ్యాక్టీరియాలో రెండు రకాల పూర్తి జన్యుపటాలను పోల్చడం ప్రపంచంలో అదే మొదలు. ఇంత తేడాకు కారణాలూ తెలిశాయి. ప్రతి నకలులోనూ దొర్లే తప్పులను దిద్దే యంత్రాంగం చాలా బ్యాక్టీరియాల్లో ఉంటుంది, పైలోరీలో అందులోని ముఖ్యమైన భాగాలు లేవు. పైగా పక్కనున్న మరో రకం డీఎన్ఏను లోపలికి తీసుకుని తనలో కలుపుకోవడంలో ఇది దిట్ట. కాబట్టి ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు రోగుల కడుపుల్లో అచ్చం ఒకేలాంటి పైలోరీ దొరకడం దాదాపు అసాధ్యం.

ఈ తేడాలు పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు. ఎండోస్కోపీ గదిలో డాక్టరు కడుపు లోపలి పొర నుంచి బియ్యపు గింజకన్నా చిన్న ముక్క తీస్తారు. దాన్ని చల్లగా ఉంచి, కొద్ది గంటల్లోనే రక్తం కలిపిన మీడియా మీదకు చేర్చాలి. మామూలు గాలిలో పైలోరీ పెరగదు. ఆక్సిజన్ 5 శాతం, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం ఉండే జాడీలో, 37 డిగ్రీల దగ్గర, మూడు రోజుల నుంచి వారం దాకా ఓపిక పట్టాలి. అప్పుడు గుండుసూది మొనంత, నీటిబొట్టులా మెరిసే కాలనీలు కనిపిస్తాయి. వాటిని యూరియా ద్రావణంలో వేస్తే పసుపు రంగు గులాబీకి తిరుగుతుంది. తర్వాత డీఎన్ఏ తీసి, 23ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువులో 2143వ స్థానంలో ఏముందో చూస్తారు. అక్కడ 'ఎ' ఉండవలసిన చోట 'జి' ఉంటే క్లారిత్రోమైసిన్ అనే మందు ఆ బ్యాక్టీరియాను పట్టుకోలేదు. ఒక్క అక్షరం మారిందని తెలియకపోతే రోగి రెండు వారాల కోర్సు వాడి, డబ్బు పోసి, అదే కడుపుమంటతో మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కుతాడు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అవసరమైన బ్యాక్టీరియాల జాబితాలో క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరీని అధిక ప్రాధాన్య వర్గంలో పెట్టింది. మరో మందు మెట్రోనిడజోల్‌కు లొంగని రకాలు మన దేశంలో చాలా ఎక్కువని అంతకు ఎన్నో ఏళ్ల ముందే అధ్యయనాలు చెప్పాయి.

ఒక జన్యువు ఉందో లేదో చూసి జబ్బు చెప్పేయవచ్చు గదా, దీనికి ప్రత్యేక నిపుణులెందుకని అడగవచ్చు. మన దేశం నుంచి వచ్చిన ఫలితాలే దానికి జవాబు. 'క్యాగ్-ఎ' అనే జన్యువున్న రకాలు పుండుకీ క్యాన్సర్‌కీ ఎక్కువగా దారితీస్తాయని పాశ్చాత్య దేశాల రోగుల్లో తేలింది. కోల్‌కతాలో ఆశిష్ ముఖోపాధ్యాయ్ బృందం 2000లో ప్రచురించిన పనిలో మాత్రం పుండు ఉన్నవారిలోనూ లేనివారిలోనూ అత్యధిక రకాలు క్యాగ్-ఎ ఉన్నవే. అంటే పాఠ్యపుస్తకంలోని సూచిక ఇక్కడి రోగి విషయంలో పనికిరాలేదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్త నియాజ్ అహ్మద్ బృందం, దక్కన్ వైద్య కళాశాలలోని కాలేయ పరిశోధన కేంద్రంతో కలిసి ఏళ్ల తరబడి రోగుల నుంచి రకాలను సేకరించి జన్యువులు చదివింది. 2007లో వెలువడిన వారి పత్రం భారతీయ పైలోరీ మూలాలు యూరప్ వంశంలో ఉన్నాయని వాదించింది. 2016లో ఇంకో విచిత్రం బయటపడింది. ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి కడుపులోని పైలోరీని చదివితే, అది నేటి యూరప్ రకాలకన్నా మధ్య, దక్షిణ ఆసియా రకాలకే దగ్గరగా ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది ఇంకా తెగని లెక్క. ఇలాంటి లెక్కలను ల్యాబ్ ఒక్కటే తేల్చలేదు, వందల జన్యుపటాలను ఒకచోట పేర్చి పోల్చే ప్రోగ్రాములు రాయగలవాళ్లు కావాలి. ఆ ప్రోగ్రాములు రాసేవాడికి ప్లేటు మీద రెండు రకాలు కలిసి పెరిగి ఉండొచ్చన్న సంగతి తెలియకపోతే తప్పుడు జవాబు చక్కని గ్రాఫుగా బయటికొస్తుంది.

ఇక్కడే ఎచ్చెర్లకు ఒక అనుకూలత ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై 2008లో విశ్వవిద్యాలయమైన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ యూనివర్సిటీ, పదో తరగతి తర్వాత చేరే ఆర్‌జీయూకేటీ శ్రీకాకుళం క్యాంపస్ ఒకే మండలంలో ఉన్నాయి. ఒకచోట జీవశాస్త్రం, మరోచోట కంప్యూటర్ సైన్స్. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలులో జెమ్స్ వైద్య కళాశాల ఉన్నాయి. ఈ నాలుగింటి విద్యార్థులు ఒకరి సెమినార్లకు ఒకరు వెళ్లినా చాలు, సగం పని మొదలైనట్టే. ఇందుకు పై నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు.

ఇక్కడ జన్యువులు చదివే యంత్రాలెక్కడివి అన్నది సహజమైన అభ్యంతరం. ఖరీదైన యంత్రం అందుబాటులో లేకపోవడం నిజంగానే లోటు. కానీ రోగుల నుంచి తీసిన పైలోరీ జన్యుపటాలు వేల సంఖ్యలో ఎన్‌సీబీఐ జెన్‌బ్యాంక్, పబ్‌ఎంఎల్‌ఎస్‌టీ అనే డేటాబేస్‌లలో ఉచితంగా ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, పైథాన్ గానీ ఆర్ గానీ నేర్చుకుని, బ్లాస్ట్‌తో 23ఎస్ జన్యువును వెతికి, భారతీయ రకాల్లో 2143వ అక్షరం ఎన్నింటిలో మారిందో లెక్కగట్టడం ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపోయే పని. రకాలను పోల్చడానికి వాడే ఏడు జన్యువుల వరుసలతో మెగా సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం గీయడం రెండో మెట్టు. ఎన్‌పీటెల్, స్వయం పాఠాలు ఇందుకు తోడవుతాయి. ఈ పని చేసి, దాన్ని అందరికీ కనిపించేలా పెట్టుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో చేతిలో పని ఉన్న మనిషిగా కూర్చుంటాడు, మార్కుల జాబితా ఒక్కటే పట్టుకొచ్చినవాడిలా కాదు.

కృత్రిమ మేధ వచ్చాక ఈ లెక్కలన్నీ అదే చేస్తుంది కదా అంటారు. అక్షరాలు పోల్చడం వరకు నిజమే, ఆ భాగం ఇప్పటికే చాలావరకు యంత్రాలదే. అయితే ఏ రోగి నమూనా, అంతకుముందు ఏ మందులు వాడాడు, ముక్క కడుపులో ఏ భాగం నుంచి తీశారు అన్నవి తప్పుగా రాసుకుంటే ఎంత తెలివైన ప్రోగ్రామైనా తప్పే చెబుతుంది. నమూనా దగ్గర నిలబడి వీటిని సరిచూసే మనిషి విలువ పెరుగుతుందే గాని తగ్గదని నా నమ్మకం. ఇది ఎంబీబీఎస్ చదివినవారి రంగమన్న అపోహ కూడా వదులుకోవాలి. ముక్క తీయడం డాక్టరు పని, దాన్ని చదవడం ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్ల పని.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం డబ్బు, కాలం. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయిదారేళ్లు. వ్యవసాయ కుటుంబంలో పెద్ద కొడుకుకో, పెళ్లి మాటలు మొదలైన అమ్మాయికో ఇది తేలిక నిర్ణయం కాదు, తేలికని చెప్పడం మోసం. అయితే పీహెచ్‌డీ అంటే జీతం లేని చదువు కాదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. డీబీటీ, ఐసీఎంఆర్ ఫెలోషిప్‌లూ ఉన్నాయి. ఎమ్మెస్సీకి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకైతే ఏపీ పీజీసెట్, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, డీబీటీ సాయంతో నడిచే బయోటెక్ కోర్సులకు గ్యాట్-బి, ఐఐటీలకు జామ్. దరఖాస్తు తేదీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి, డిగ్రీ మూడో ఏడు మొదట్లోనే వాటిని గోడ మీద రాసిపెట్టుకోండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పనిచేసి, ఈ జీవితం మనకు సరిపడుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. అన్నేళ్లు ఆగలేనివారు ఎమ్మెస్సీతో ఆపి, ఆస్పత్రుల మాలిక్యులర్ డయాగ్నొస్టిక్స్ ల్యాబుల్లోనో, జన్యు పరీక్షల కంపెనీల్లోనో చేరవచ్చు. పైడిభీమవరంలో క్వాలిటీ కంట్రోల్ చేస్తూ సాయంత్రాలు పైథాన్ నేర్చుకునేవారికీ తలుపులు మూసుకుపోవు.

మన ప్రాంతానికే చెందిన ప్రశ్న కూడా ఒకటుంది. సీతంపేట కొండల్లోని సవరల భాష ముండా కుటుంబానికి చెందింది, మైదానంలో మాట్లాడే తెలుగు ద్రావిడ భాష. పైలోరీ ఎక్కువగా చిన్నతనంలో, ఇంటివాళ్ల నుంచే అంటుకుంటుంది, అందుకే దాని జన్యువుల్లో మనుషుల వలసల జాడలు మిగులుతాయి. కొండ మీది రకాలూ కింది ఊళ్ల రకాలూ వేరా, ఒకే మందులకు లొంగుతాయా అన్నది అడగదగ్గ ప్రశ్న. దీన్ని తలకెత్తుకోవాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, నమూనా ఎందుకో రోగికి సొంత భాషలో చెప్పి ఒప్పుకోలు పొందాలి, ఫలితం తిరిగి అతని డాక్టరుకు చేరాలి. సవర భాష వచ్చిన సైన్స్ విద్యార్థి ఎవరైనా ఎచ్చెర్లలో ఉంటే, ఈ పనికి వారికన్నా తగినవారు లేరు.