పిల్లలకు పనిముట్ల పాఠం, తిండి పాఠం

దూడ పెంపకం గురించి ఈ పుటలలో తరచుగా చెప్పుకుంటూనే వున్నాము. ఈసారి ఆ దూడతోపాటు పాకలో తిరుగుతుండే మూడేళ్ళ, అయిదేళ్ళ పిల్లల గురించి చెప్పదలచినాము.

సీతంపేట కొండ గ్రామాలలో సవర, జాతాపు ఇళ్ళ పిల్లలకు పనిముట్లను ఎవరూ పిలిచి చూపించరు. తల్లి చేట చెరుగుతుంటే చూచి తానూ ఒక మూకుడు పట్టుకొని చెరుగుతుంది పిల్ల. ఈ చూపును కొంచెం వరుసలో పెట్టిన యెడల అదే పాఠమవుతుంది. తారాబాయి మోడక్ గారు 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీలోను, 1957 నుండి కోస్‌బాడ్‌లోను అనూతాయి వాఘ్ గారితో కలిసి గిరిజన పిల్లలకు బాలవాడులు నడిపినారు. అక్కడ కొనితెచ్చిన బొమ్మలకంటె చుట్టుపక్కల దొరికే ఆకులు, గింజలు, రాళ్ళే ఎక్కువగా పాఠ సామగ్రి.

మనకు చోడి చేను వున్నది. దానినే పట్టుకుందాము. నేలను బొరిగెతో గుల్లచేయటం ఒకరోజు చూపండి. కోతనాడు కొడవలికి పళ్ళెందుకు వున్నాయో అడగండి. నూర్చిన తరువాత చేట ఇచ్చి, పొల్లు ఎటు పోతున్నదో, గింజ ఎక్కడ నిలుస్తున్నదో పిల్లవానినే చెప్పనివ్వండి. ఆఖరున తిరగలిలో పిడికెడు పోసి పిండి చేయించి, ఆ పిండితోనే ఆ పూట అంబలి కాచి పెట్టండి. తాను చెరిగిన గింజ అంబలిని వద్దనే పిల్ల అరుదు. రోజుకొక పనిముట్టు చాలును.

పేర్లు మాత్రం ముందు ఇంటి భాషలోనే చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా వుంటూ సవర భాష నేర్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించినారు. తెలుగు పేరు రెండవ రోజు చెప్పినా మించిపోయినది లేదు.

ఇక తిండి. నూరు గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ. ఆవుపాలలో సుమారు 120. కొండవారి అంబలి పేదవాని తిండి అని కిందకు చూడటం ఎంత తెలివితక్కువో ఈ అంకెలే చెప్పుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో బడులలో రాగిజావ మొదలుపెట్టినది. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. చోళ్ళను నానబెట్టి మొలకెత్తించి పిండి చేస్తే అందులోని ఇనుము ఒంటికి మరింతగా పడుతుంది. పక్కన ఇంత కందిపప్పు, మునగాకు, దొరికిననాడు గుడ్డు వుండవలెను.

ఇప్పుడు అసలు మాట. సంఘాల తనిఖీకి వచ్చినప్పుడు పాస్‌బుక్కులో లీటర్లు చూస్తాము, సంతోషిస్తాము. ఆ ఇంటనే పిల్లవాడు పాలు లేని డికాషను తాగుతూ ఎదురైతే ఆ సంతోషం నిలవదు. పక్షం బిల్లులో నాలుగు రూపాయలు పెరుగుతాయని రెండు పూటల పాలూ కేంద్రంలో పోసివేయటం మాకు సమ్మతం కాదు. పాలు పోయించవలసిన మేమే ఇట్లు చెప్పటం కొందరికి వింతగా తోచవచ్చును. పూటకొక గ్లాసు ఇంట వుంచుకున్నంత మాత్రాన ఏ సంఘమూ మూతపడదు. ఆ పాలు బాగా కాచినవే కావలెను. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు సోకగలవు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. ఏడాది నిండేవరకు తల్లిపాలకు బదులుగా పశువు పాలు పట్టరాదు. పాలు పడక కడుపు ఉబ్బే పిల్లలకు పెరుగు, మజ్జిగ ఇచ్చి చూడండి.

పాలు దూడవే గాని మనవి కావని కొండమీది పెద్దలు కొందరు పూర్వం ఆవును పిండేవారే కారు. వారిని ఎగతాళి చేయకండి. దూడకు వదలిన తరువాతనే పిండటం పిల్లలు వారి నుండి నేర్వదగిన సంగతి.

పాల కేంద్రంలోనూ పాఠమున్నది. లాక్టోమీటరు మంచి పాలలో ఎంత మునుగుతుందో, నీళ్ళు కలిపిన పాలలో ఇంకెంత లోతుకు దిగుతుందో పిల్లలకు చూపండి. కొందరు పెద్దలు కూడా పక్కన నిలబడి చూడవచ్చును.

చేట, తవ్వ, చిన్న తట్ట పిల్లల చేతికి ఇవ్వదగినవి. గొడ్డలి, కత్తిపీట చూపటానికే. గడ్డి కోసే చాఫ్ కట్టరు దగ్గరకు మాత్రం చూపటానికైనా తీసుకుపోవద్దు. వేళ్ళు పోయేది అక్కడనే. పురుగుమందు తెచ్చిన డబ్బాను ఎంత కడిగినా పాలకు, నీళ్ళకు వాడరాదు. అనేక కేంద్రాలకు ఎనలైజరు యంత్రాలు వచ్చినా, గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసే కేంద్రాలలో ఒక్కొక్క పరీక్షకు 10 మిల్లీలీటర్ల గంధకామ్లం వాడుతారు. నీళ్ళవలె కనిపించే ఆ ఆమ్లం చర్మాన్ని, కళ్ళను కాల్చివేస్తుంది. ఆ సీసా బల్లమీద వుండరాదు. తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళపుచెవి పరీక్షకుని వద్దనే వుండేటట్లు కార్యదర్శులు ఈ వారమే చూడవలెను.