మధుమేహ పరిశోధన – వేతనసహిత డాక్టరేటు
మధుమేహమును, వినాళగ్రంథుల స్రావములను విషయముగా గైకొని డాక్టరేటు పరిశోధన సాగింపఁగోరు విద్యార్థికి సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ జీవశాస్త్ర పరీక్ష ప్రధానమార్గము. అందు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి, 2023 జనవరి 1 నుండి సవరింపఁబడిన రీతిని, మొదటి రెండేండ్లు నెలకు రూ. 37,000, పిదప సీనియర్ ఫెలోగా రూ. 42,000 లభించును, ఇంటి అద్దె భత్యము వేఱు.

పాఠ్యప్రణాళికలో హార్మోన్లు జంతు శరీరధర్మ విభాగమునకు చెందినవి. వానిలో ఇన్సులిన్ చరిత్ర రసవత్తరము. టొరంటోలో వైద్యుఁడు బాంటింగు, ఆయన యువసహాయకుఁడు బెస్టు సిద్ధపఱచిన క్లోమసారమును 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల మధుమేహపీడిత బాలునకు సూదిద్వారా ఎక్కింపఁగా, అది మలినభూయిష్ఠమగుటచే ఫలింపలేదు. వారి సహచరుఁడు కాలిప్ శుద్ధిచేసిన సారమే జనవరి 23న గుణమిచ్చెను. 1923 నోబెల్ బహుమానము బాంటింగు, ఆ ప్రయోగశాలాధిపతి మెక్లియాడులకే దక్కెను. బెస్టునకు అన్యాయము జరిగెనని తలఁచి బాంటింగు తన బహుమానధనములో సగమాతనికిచ్చెను; పరీక్షార్థులు మాత్రము బెస్టును నోబెల్ గ్రహీతగా గుర్తింపరాదు.