కడుపు మంట – కారణాన్వేషణ

పాఠ్యభాగ పరిచయం

కడుపు మంటకు మందు వాడేవారు పెక్కుమంది. దాని కారణం తెలిసికోగోరేవారు కొందరే. జీర్ణాశయంలో చేరే ఒక సూక్ష్మజీవిని గుర్తించే పరీక్షలను, ప్రభుత్వ, ప్రైవేటు వైద్యశాలలను వివేకంతో వినియోగించుకొనే తీరును ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

అనంతపురం జిల్లాకు పశ్చిమాన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం రాయదుర్గం. ఈ మెట్టసీమకు వాన చుట్టపుచూపుగా వస్తుంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానను నమ్ముకొని వేరుశనగ విత్తే రైతు ఇంట రోగం ప్రవేశిస్తే, అది దేహాన్నే కాక కూడబెట్టిన నాలుగు రూకలను కూడా తినివేస్తుంది. కనుక జబ్బు ఏదో తెలిసి మందు వాడడం ఇక్కడ ఆరోగ్యంతోపాటు బ్రతుకుతెరువుకు కూడా సంబంధించిన విషయం.

కడుపు మండితే సంకటిలో నంజుకొన్న కారమే కారణమని కొందరు, మనోవ్యథ అని మరికొందరు అంటారు. మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకొంటారు. మంట చల్లారుతుంది, కొన్నాళ్లకు మళ్లీ రగులుతుంది. వైద్యలోకం సైతం చిరకాలం ఇట్లే భావించింది. జీర్ణాశయంలోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ నిలువజాలదని అందరూ నమ్మారు.

ఆ నమ్మకాన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు వమ్ము చేశారు. 1982లో వారు రోగుల జీర్ణాశయం నుండి తీసిన కణజాలంలోని సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. అదే హెలికోబాక్టర్ పైలోరి. లోకం విశ్వసించకపోగా, 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని తానే త్రాగాడు. కొద్ది రోజులలోనే ఆయన జీర్ణాశయం వాచింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఈ జీవి యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. ఆ అమ్మోనియా ఆమ్లాన్ని శమింపజేసి దానికి రక్షణ కల్పిస్తుంది. విచిత్రమేమనగా, దానిని కాపాడే ఈ గుణమే దానిని పట్టి ఇస్తుంది. శ్వాస పరీక్షలో రోగి ప్రత్యేకమైన కార్బన్ గల యూరియాను మ్రింగుతాడు. జీవి ఉన్నట్లయితే ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. ఎండోస్కోపీ ద్వారా తీసిన కణజాలపు తునకను యూరియా కలిసిన పదార్థంలో ఉంచితే రంగు మారుతుంది. మల పరీక్ష ఆ జీవికి చెందిన ప్రోటీన్లను గుర్తిస్తుంది. రక్త పరీక్ష మాత్రం గతంలో సోకి పోయినదానిని, నేడు ఉన్నదానిని వేరుచేసి చెప్పజాలదు.

శ్వాస, మల పరీక్షలకు రెండు వారాల ముందు ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులను, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్ మందులను వైద్యుని సలహాపై ఆపవలెను. లేనిచో ఉన్న జీవి లేనట్లు తోచవచ్చును. నొప్పి మాత్రలు అతిగా వాడినా కడుపులో పుండ్లు ఏర్పడతాయి కనుక ఆ సంగతి కూడా వైద్యునికి చెప్పవలెను. నల్లని మలం, రక్తపు వాంతి, అకారణంగా బరువు తగ్గడం, మ్రింగుటకు కష్టం ఉన్నచో ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి వెళ్లవలెను.

రాయదుర్గవాసి మొదట పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవడం మేలు. అక్కడ లేని పరీక్షకు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వ్రాయించుకోవచ్చును. ప్రభుత్వ వైద్యంలో ఖర్చు స్వల్పం, నిరీక్షణ దీర్ఘం. ఒక దినం కూలి పోవడం కూడా ఖర్చేనని మరువరాదు. అనంతపురంలోనో బళ్లారిలోనో ప్రైవేటు వైద్యశాలకు వెళితే పని త్వరగా ముగియవచ్చును, రుసుము అధికం. ఏ పరీక్ష, ఎందుకు, ఎంత ఖర్చు అని ముందే అడగడం రోగి హక్కు. ఎక్కడ చూపించుకొన్నా చీటీలను, నివేదికలను భద్రపరిస్తే చేసిన పరీక్షనే మళ్లీ చేయించుకొనే అవసరం తగ్గుతుంది.

చికిత్స సాధారణంగా 14 రోజులు. ఇందులో వాడే ఔషధాలలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో రూపొంది 1948లో లోకానికి వెల్లడైంది. మంట తగ్గిందని మాత్రలు నడుమ ఆపివేస్తే జీవి మందుకు లొంగని శక్తిని సంపాదిస్తుంది. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత మరల పరీక్షించుకొన్నప్పుడే వ్యాధి పోయినదని రూఢి అవుతుంది.

ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగం మందిలో ఉన్నదని అంచనా వేయబడిన ఈ జీవి అందరికీ హాని చేయదు. కాని కొందరిలో పుండుగా, అరుదుగా క్యాన్సర్‌గా పరిణమిస్తుంది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోకపోవడమే విజ్ఞత.

అర్థాలు

ఆమ్లం = పుల్లని గుణం గల రసాయనం
వమ్ము = వ్యర్థం
శమింపజేయు = తగ్గించు
రూఢి = నిశ్చయం
విజ్ఞత = తెలివి

ప్రశ్నలు

1. సూక్ష్మజీవిని కాపాడే గుణమే దానిని ఎట్లు పట్టి ఇస్తుందో వివరించండి.
2. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యాలలోని సౌకర్యాలను, ఇబ్బందులను తెలపండి.
3. చికిత్స తరువాత మరల పరీక్ష ఎందుకు అవసరం?