మస్తిష్క పక్షవాతము గల పెద్దలకు వ్యాయామము

మస్తిష్క పక్షవాతమనగా పుట్టుకకు ముందో, పుట్టునపుడో, పసితనముననో మెదడునకు కలిగిన దెబ్బవలన అవయవములు స్వాధీనము తప్పుట. ఆ దెబ్బ వయస్సుతో పెరుగదు. కాని కదలిక తగ్గినకొలది కండరములు బిగిసి, కీళ్లు ముడుచుకొని, నడివయస్సుననే నడక సన్నగిల్లవచ్చును. బిడ్డనాడు ఆసుపత్రులకు మోసికొని తిరిగిన ఇంటివారే, పెద్దవాడైన పిదప అరుగుపై కూర్చుండబెట్టి ఊరకుండుట పెక్కుచోట్ల చూచుచున్నాము. బలము పెంచు వ్యాయామమువలన బిగువు హెచ్చునను పూర్వపు భయము సరికాదని పరిశోధనలు తేల్చినవి. అంగవైకల్యము గల పెద్దలకును వారమునకు 150 నుండి 300 నిమిషముల మితమైన శ్రమను, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఫిజియోథెరపిస్టు సలహాపై చేయగలిగినంతతో ఆరంభింపవచ్చును. కుర్చీనుండి పలుమార్లు లేచుటయు, కూర్చుండియే ఇసుకసంచి నెత్తుటయు వ్యాయామమే. మీ ఊరి ఆటస్థలమునకు మెట్లు మాత్రమే యున్నచో, ఈ యేటి పనులలో ఏటవాలు దారి నొకదానిని చేర్చుడు.