కుటుంబ వైద్యుడు – ఆరోగ్యపు చిట్టా

వర్తకుడు రాత్రి కొట్టు కట్టుటకు ముందు గల్లాపెట్టె లెక్క చూచుకొనును. రొక్కమునకు, చిట్టాకు పది రూపాయల తేడా వచ్చినను గుమాస్తాను కూర్చుండబెట్టి, ఆ తేడా ఎచ్చట పోయినదో తేలువరకు ఇంటికి పోడు. ఏటేట దీపావళికి పాత ఖాతాలు ముగించి కొత్త పుస్తకములు తెరచును. ఇంత జాగ్రత్త గలవానిని "మీ రక్తపుపోటు ఎంత?" అని అడిగినచో, "ఏమోనండీ, నాకు ఒంట్లో ఏ బాధా లేదు" అని జవాబు వచ్చును. బాధ లేదు కనుక జబ్బు లేదు అను ఈ లెక్క దేహము విషయములో చెల్లదు.

రక్తపుపోటు, చక్కెరవ్యాధి అనునవి తొలి సంవత్సరములలో బాధ పెట్టవు. తలనొప్పి వచ్చిననే రక్తపుపోటు అనియు, చీమలు పట్టిననే చక్కెర అనియు అనుకొనువారు పలువురు గలరు. చాలమందికి ఈ గుర్తులేవియు కనబడవు. పది పదునైదేండ్లు లోలోపల గుండె, మూత్రపిండములు, కంటి లోపలి పొర, కాళ్ల నరములు చెడిన పిమ్మట ఒకనాడు అప్పు మొత్తము వడ్డీతో కలిసి పైబడును.

ఇది ఎక్కడనో పట్టణవాసుల సంగతి కాదు, గోదావరి జిల్లాల సంగతియే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనులలో, 2004 అక్టోబరు వరకు ఒక సంవత్సరకాలమున జరిగిన మరణములకు కారణములను పరిశోధకులు ఇంటింటికి పోయి విచారించిరి. నూటికి 32 మరణములు గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ వ్యాధులవలన కలిగినవే. అంటువ్యాధులవలన పోయినవారు నూటికి 12 మంది మాత్రమే. పూర్వము కలరా, మసూచికములకు భయపడిన గోదావరి తీరములో ఇప్పుడు మనిషిని తీసికొనిపోవుచున్నది నిశ్శబ్దముగా వచ్చు జబ్బు. ఆ ప్రాంతమునందే 20 గ్రామములలో 30 ఏండ్లు నిండినవారిని పరీక్షించి 2006లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, నూటికి సుమారు 13 మందికి చక్కెరవ్యాధి ఉన్నట్లు తేలినది. వారిలో దాదాపు సగముమందికి ఆ సంగతి అంతకుముందు తెలియనే తెలియదు. పల్లెలలో పొలము పనులు చేయువారి లెక్క అది. ఉదయమునుండి రాత్రివరకు గద్దెపై కూర్చుండి వ్యాపారము చేయువారి లెక్క అంతకంటె తక్కువగా ఉండునని ఆశించుటకు కారణము కనబడదు.

కుటుంబ వైద్యుడు ఉన్నంతమాత్రమున చాలునా అన్నచో, చాలదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టునకు సొంత వైద్యుడు నిత్యము దగ్గరనే ఉండెను. ఏటికేడు రక్తపుపోటు పెరుగుచున్నను, వయసునుబట్టి అది సహజమే అని ఆ వైద్యుడు ఊరకుండెను. 1944 మార్చిలో హృద్రోగ నిపుణుడు చూచునప్పటికి అది 186/108. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళము చిట్లి ఆయన కన్నుమూసిన దినమున 300/190. ఆనాడు పోటును తగ్గించు మంచి మందులు లేవు. ఆ తరువాత 1948లో ఆ దేశమున ఫ్రేమింగ్‌హామ్ అను ఊరిలో 5,209 మంది స్త్రీపురుషులను ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చుటచేతనే, పోటు వయసుతో వచ్చు సహజ ధర్మము కాదనియు, పోటు, కొలెస్టరాలు, పొగాకు మూడును గుండెకు ముప్పు తెచ్చుననియు లోకమునకు రూఢి అయినది. దేశాధ్యక్షునికి అందని మందు ఈనాడు జనరిక్ మందుల దుకాణములో కొద్ది రూపాయలకు దొరకుచున్నది. కొలుచుకొననివానికి మాత్రము ఆ మందు ఉన్నను లేనట్లే.

కావున కావలసినవి రెండు. అంకెలు వ్రాసి పెట్టుకొను పుస్తకము ఒకటి, ఆ అంకెలను చదివి, ఇంటి పద్ధతులు ఎరిగి, మందు నిర్ణయించు వైద్యుడు ఒకడు. ఇంటి పద్ధతులు ఎరుగుట అన్నమాట చిన్నదిగా తోచును గాని, అన్నిటికంటె ముఖ్యమైనది అదియే.

యానాం అగ్రహారములో ఒక వర్తకుడున్నాడు అనుకొందాము. వయసు 54. సాయంకాలము ఐదున్నరకే భోజనము ముగించును. సూర్యుడు అస్తమించిన పిమ్మట మంచినీరైనను ముట్టడు. పనిమీద పెద్ద పట్టణమునకు పోయినప్పుడు పరీక్ష చేయించుకొనగా చక్కెరవ్యాధి అని తేలినది. ఎన్నడును చూడని వైద్యుడు, బయట నలువదిమంది రోగులు వేచియుండగా, మాత్రలు వ్రాసి ఇచ్చెను: "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనానికి ముందు." వైద్యుని తప్పు లేదు. లోకములో చాలమంది రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు భుజింతురు. మన వర్తకుడు మందు మాననేల అని తలచి, నియమమును కొంచెము సడలించి, రాత్రి తొమ్మిది గంటలకు గుటకెడు నీటితో మాత్ర వేసికొని పండుకొనెను. ఆ మాత్ర గ్లిమిపిరైడు జాతిది. కడుపులో అన్నమున్నను లేకున్నను అది చక్కెరను దించును. రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినది. ఇంటివారు గుండెపోటు అనుకొని కంగారుపడిరి.

ఇంటి పద్ధతి తెలిసిన వైద్యుడైనచో మొదటనే అడుగును: "సేఠ్ గారూ, తమరు రాత్రి భోజనం ఎన్ని గంటలకు చేస్తారు?" "ఐదున్నరకండీ. ఆ తరువాత మళ్లీ పొద్దున్నే." "అలాగైతే ఈ మాత్ర మీకు పనికిరాదు. వేరేది ఇస్తాను. అదీ సాయంత్రం భోజనంతోనే వేసుకోండి." ఈ రెండు ప్రశ్నలకు అర నిమిషము పట్టును. వైద్యుడు అడుగకున్నను రోగి తానుగా చెప్పుటకు సిగ్గుపడరాదు. సరుకు కొనునప్పుడు తూకము, నాణ్యము, గడువు అన్నియు విప్పి మాటలాడువారు వైద్యుని ఎదుట మాత్రము మూగవారగుట విచిత్రము.

నవకారసీ పాటించువారు సూర్యోదయమైన 48 నిమిషముల పిమ్మటగాని నోరు తెరవరు. అనగా సాయంకాల భోజనమునకు, ఉదయ ఫలాహారమునకు నడుమ పదుమూడు పదునాలుగు గంటల విరామము. ఆరోగ్యవంతునికి ఇది మేలే. ఇన్సులిన్ తీసికొనువానికి మోతాదు ఈ విరామమునుబట్టి నిర్ణయింపవలెను. పర్యూషణలో ఒక దినము, మూడు దినములు, ఎనిమిది దినములు ఉపవసించువారి సంగతి ఇంకను జాగ్రత్త కోరును. చక్కెర మాత్రలలో కొన్ని ఉపవాస దినమున పూర్తిగా ఆపవలసినవి, కొన్ని తగ్గింపవలసినవి, కొన్ని రెండు మూడు దినములు ముందే నిలుపవలసినవి ఉన్నవి. మూత్రము ఎక్కువగా పోవునట్లు చేయు రక్తపుపోటు మాత్రను, మంచినీరు కూడ లేని ఉపవాసములో వేసికొన్నచో ఒంటిలో నీరు తగ్గి మనిషి తూలి పడును. మూత్రపిండములకును దెబ్బ తగులును. అన్ని మాత్రలను ఒక్కసారి మానుటయు ప్రమాదమే. ఏ మాత్ర ఏ జాతిదో ఇంటివారికి తెలియదు కనుక ఇది దుకాణములో అడిగి తేల్చుకొనవలసిన విషయము కాదు. గ్లూకోమీటరులో చక్కెర 70కి దిగినచో ఆ క్షణమున ఉపవాసము విరమింపవలసినదే. అటువంటి శరీరస్థితిలో ఏ నియమము పాటింపదగునో గురుమహారాజులతోను, వైద్యునితోను ముందే మాటలాడుకొనుట మంచిది.

శాకాహారులకు మరియొక లోటు గలదు. బి12 అను విటమిను మొక్కలలో లేదు. శాకాహారికి పాలు, పెరుగులవలన మాత్రమే అందును. వయసు పెరిగిన కొలది దానిని పేగులు పీల్చుకొనుట తగ్గును. చక్కెరకు వాడు మెట్‌ఫార్మిన్ అను మాత్ర ఏండ్ల తరబడి వాడినచో ఇంకను తగ్గును. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలు, మతిమరపు వచ్చినప్పుడు వయసుమీద పడినదనియో, చక్కెరవలననియో సరిపెట్టుకొందురు. ఒక రక్తపరీక్షతో తేలిపోవు సంగతి ఇది, మందును చౌకయే. ఆలస్యమైనచో నరములకు కలిగిన నష్టము పూర్తిగా తీరదు.

యానాం వారికి వైద్యుని వెదకుకొనుటలో ఒక చిక్కు గలదు. చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉన్నను యానాం పుదుచ్చేరి పాలనలోనిది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న అప్పటి ప్రభుత్వము కుటుంబ వైద్యుడు అను పేరిట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు నెలకు రెండుమార్లు గ్రామమునకు వచ్చి చూచు పద్ధతిని ప్రారంభించినది. ఆ పథకము యానాం ఎల్లకు బయటనే ఆగినది. అయినను యానాంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. పుదుచ్చేరిలోని జిప్మర్ సంస్థవారి బహుళ నిపుణుల వైద్య విభాగము 2024 ఫిబ్రవరి 25న యానాంలోనే ప్రారంభమైనది. ఇక పెద్ద చికిత్సలకు కాకినాడ ఉన్నది. సదుపాయము లేదని అనుటకు వీలులేదు. జ్వరమునకు ఒకరిని, పోటునకు మరియొకరిని, మోకాలినొప్పికి మందుల దుకాణములోని కుర్రవానిని ఆశ్రయించుటయే అసలు చిక్కు. ముగ్గురు ఇచ్చిన మాత్రలు ఒకే సంచిలో చేరును; మూడింటిని కలిపి చూచువాడు ఉండడు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగినచో రక్తపుపోటు పెరుగును, మూత్రపిండములు చెడును అని ఆ కుర్రవాడు చెప్పడు. ఎం.బి.బి.ఎస్. వైద్యుడైనను సరే, ఏటికేడు అదే వైద్యుని వద్దకు పోవువానికి కలుగు మేలు, ఊరూరు తిరిగి నిపుణులను మార్చువానికి కలుగదు.

ఇక పుస్తకము సంగతి. ఇంటిలో 30 ఏండ్లు దాటిన ప్రతి మనిషికి ఒక పేజీ కేటాయింపవలెను. పైన పేరు, పుట్టిన సంవత్సరము, తల్లిదండ్రులకు ఉన్న జబ్బులు, పడని మందులు వ్రాయవలెను. క్రింద తేదీ వేసి రక్తపుపోటు, పరగడుపు చక్కెర, బరువు, నడుము కొలత నమోదు చేయవలెను. పోటు చూచుటకు ముందు అర గంట కాఫీ, టీ త్రాగరాదు. ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, చేయి గుండె ఎత్తున బల్లపై ఉంచవలెను. మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకొని, పోటు ఎక్కువ ఉన్నదని హడలిపోవువారు ఉన్నారు. వేరువేరు దినములలో చూచినను 140/90 గాని, అంతకు మించిగాని ఉన్నచో అది పోటే. పరగడుపు చక్కెర 100లోపు ఉండవలెను. 126 మొదలు చక్కెరవ్యాధి, నడుమ ఉన్నది హెచ్చరిక. ఎనిమిది గంటలు పరగడుపున ఉండవలెనను నిబంధన సాయంకాలమే భుజించువారికి అసలు కష్టమే కాదు. ఆ పేజీలోనే మాత్రల పేర్లు, భోజన వేళలు కూడ వ్రాసి పెట్టినచో కొత్త వైద్యుని వద్దకు పోవలసి వచ్చినను నోటితో చెప్పు పని ఉండదు.

ఆహారములో ఒక్క ఉప్పు విషయము చెప్పిన చాలును. మనిషికి దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలో వేసినది కాక అప్పడము, ఆవకాయ, కారపు బూంది, సేవు రూపమున కొట్టు గద్దె దగ్గరకు వచ్చునది ఎవ్వరును లెక్కలో వేయరు. యానాం పేరు చెప్పగానే పొరుగు జిల్లాలవారికి మద్యపు దుకాణములు తలపునకు వచ్చును. ఆ బెడద లేని ఇండ్లలోను జర్దా, పాన్ మసాలా దవడలో పెట్టుకొని గద్దెపై కూర్చుండువారు లేకపోలేదు. వారానికి 150 నిమిషముల చురుకైన నడక కావలెనని వైద్యులు చెప్పుదురు. సాయంకాల భోజనము పెందలకడ ముగియుచున్నది గనుక, తరువాత గోదావరి గట్టు వెంట అర గంట నడచుటకు కావలసిన సమయము ఉండనే ఉన్నది.

పుస్తకములో ఎక్కువగా ఖాళీగా ఉండు పేజీ ఇంటి ఇల్లాలిది. అందరికి వడ్డించి, అందరి మాత్రలు జ్ఞాపకము చేసి, తన సంగతి ఆమె చెప్పదు. రక్తహీనత, థైరాయిడు పరీక్షలతో పాటు 30 ఏండ్లు దాటిన స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమములో చేరియున్నవి. వ్యాధి తొలిదశలో చిక్కినచో చికిత్స సుకరము. కోడలు అత్తగారిని వెంటబెట్టుకొని, తానును చేయించుకొని వచ్చుట ఉత్తమము.

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు ముప్పు వచ్చును. మూతి వంకరపోవుట, ఒక చేయి వాలిపోవుట, మాట ముద్దగా వచ్చుట పక్షవాతపు గుర్తులు. గడ్డ కరిగించు సూదిమందు పనిచేయునది సుమారు నాలుగున్నర గంటలలోపే. కాకినాడ సుమారు 30 కిలోమీటర్ల దూరమే గాని, నూనె మర్దన చేయుచు, తెల్లవారనిమ్మని కూర్చున్నచో ఆ గడువు ఇంటిలోనే గడచిపోవును. 108కి ఫోను చేయవలెను. గుర్తులు ఎన్ని గంటలకు మొదలైనవో కాగితముపై వ్రాసి, ఆ పుస్తకమును కూడ తీసికొని బయలుదేరవలెను.

పర్యూషణకు ఒక నెల ముందుగా పుస్తకము, ఇంటిలోని మాత్రల సంచి చేతబట్టుకొని కుటుంబ వైద్యుని వద్దకు పోయినచో, ఎవరు ఉపవసింపవచ్చునో, ఎవరికి ఏ మాత్ర ఏ వేళకు మార్చవలెనో ఆయన ఒక్కొక్క పేజీలో వ్రాసి ఇచ్చును. దీపావళికి కొత్త ఖాతాలు తెరచునాటికి రెండవమారు పరీక్షించిన అంకెలును అందులో చేరియుండును.