ఎర్ర బటన్ వైరు ఊడితే

బోరు మోటారు స్టార్టర్ మీద పచ్చ బటన్ నొక్కి వదిలేస్తాం. వేలు తీసినా మోటారు ఆగదు. కరెంటు పోయి వస్తే మాత్రం మళ్లీ వెళ్లి నొక్కాల్సిందే. పొలాల్లో ఆటో స్టార్టర్లు పెట్టుకున్నది ఆ నడక తప్పించుకోడానికే. పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) ప్రోగ్రామింగ్ నేర్చుకోడానికి వచ్చేవాళ్లకు నేను మొదట ఈ స్టార్టర్‌నే రాయమంటాను. రిలేలతో నిండిన ప్యానెళ్లకు బదులు ఇంకేదైనా కావాలని 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ అడగడంతో పుట్టుకొచ్చిన యంత్రం పీఎల్‌సీ. రిలే డ్రాయింగులు చదివే ఎలక్ట్రీషియన్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేకుండా దాని భాషను నిచ్చెనలా, లాడర్‌గా మలిచారు. ఐటీఐలో స్టార్టర్ కనెక్షన్ ఇచ్చినవాడికి సగం పాఠం వచ్చేసినట్టే.

కంప్యూటర్ తర్వాత. ముందు కాగితం మీద మూడు ఇన్‌పుట్లు, ఒక ఔట్‌పుట్ రాసుకోండి: ఐ0.0 స్టార్ట్, ఐ0.1 స్టాప్, ఐ0.2 ఓవర్‌లోడ్, క్యూ0.0 మోటారు. మోటారు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, దాని స్థానంలో 24 వోల్టుల ఇండికేటర్ దీపం చాలు. స్టార్ట్‌కు ఎన్‌ఓ బటన్, నొక్కితేనే కలుస్తుంది. స్టాప్‌కు ఎన్‌సీ, నొక్కితే విడిపోతుంది. ఓవర్‌లోడ్ రిలేలో 95-96 టెర్మినళ్లు కూడా ఎన్‌సీయే.

ఇక లాడర్. ఎడమ గీత నుంచి స్టార్ట్ కాంటాక్ట్, దాని కింద ప్యారలల్‌గా క్యూ0.0 కాంటాక్ట్. ఆ రెండూ కలిసిన చోటి నుంచి స్టాప్, ఓవర్‌లోడ్, చివర క్యూ0.0 కాయిల్. వేలు తీశాక దీపాన్ని నిలబెట్టేది ఆ కింది కాంటాక్టే. పీఎల్‌సీ ఇన్‌పుట్లన్నీ చదివి, ప్రోగ్రామ్‌ను పైనుంచి కిందికి చూసి, ఔట్‌పుట్లు మార్చి, మళ్లీ మొదటికొస్తుంది. ఇంత చిన్న ప్రోగ్రామ్‌కు ఆ చుట్టు కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది.

దాదాపు అందరూ ఇక్కడే తడబడతారు. స్టాప్ బటన్ ఎన్‌సీ కదా అని లాడర్‌లోనూ ఎన్‌సీ గుర్తే వేస్తారు. స్టార్ట్ నొక్కితే దీపం వెలగదు. బటన్ ముట్టుకోకముందే ఐ0.1కు 24 వోల్టులు అందుతున్నాయి. ఇన్‌పుట్ 1 అయితే ఎన్‌సీ గుర్తు దారి మూసేస్తుంది. అక్కడ వేయాల్సింది ఎన్‌ఓ గుర్తు. ఓవర్‌లోడ్‌కూ అంతే. కొందరు ప్రోగ్రామ్ దిద్దకుండా బటన్‌నే ఎన్‌ఓకి మార్చేస్తారు. దీపం వెలుగుతుంది, ఆరుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు.

ఎందుకో టేబుల్ మీదే చూడండి. దీపం వెలుగుతుండగా, స్క్రూ వదులు చేసి స్టాప్ బటన్ వైరు లాగేయండి. ఐ0.1 మీది చిన్న లైటు ఆరుతుంది, వెంటనే దీపమూ ఆరుతుంది. ఎలుక కొరికినా, అదురుకి స్క్రూ వదులైనా మోటారు ఆగిపోతుందన్నమాట. లాడర్‌లో ఎన్‌సీ గుర్తు ఉంచి, ఎన్‌ఓ బటన్‌తో ఇదే చేసి చూడండి: వైరు ఊడినా దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎర్ర బటన్ ఎంత నొక్కినా ఆరదు. కన్వేయర్‌లో చొక్కా చెయ్యి ఇరుక్కున్న మనిషి నొక్కేది ఆ బటనే. అందుకే ఎమర్జెన్సీ స్టాప్‌ను ఒక్క ప్రోగ్రామ్ మీదే వదలకూడదు. అది కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే సప్లైని నేరుగా తెంచాలి.

ఈ పరీక్షలు ఓవర్‌లోడ్ వైరుతోనూ చేశాక దీపం తీసి కాంటాక్టర్ కలపండి. ముందు కాయిల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి. 230 వోల్టుల ఏసీ కాయిల్‌ను 24 వోల్టుల ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ నేరుగా నడపలేదు, మధ్యలో ఒక రిలే పెట్టాలి.